డె వోస్ ఇంటిపేరున్న ఫ్లెమిష్ చిత్రకారులు, వారి రూపచిత్రాలు: ఎవరు ఎవరికి ఏమవుతారు?

చిత్రావలోకి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 16, 17 శతాబ్దాల ఫ్లెమిష్ (నేటి బెల్జియం ఉత్తర ప్రాంతపు) రూపచిత్రాల గురించి తెలుగులో ఒక పరిచయ వ్యాసం రాసే ప్రయత్నంలో ఉన్నాను. మ్యూజియంల జాబితాలు తిరగేస్తున్న కొద్దీ డె వోస్ అన్న ఇంటిపేరు అడుగడుగునా ఎదురవుతున్నది. మార్టెన్ డె వోస్, కోర్నెలిస్ డె వోస్, పౌల్ డె వోస్, సిమోన్ డె వోస్, విల్లెం డె వోస్ అని ఇప్పటికి ఐదుగురు చిత్రకారులు లెక్కకు వచ్చారు. వీరు కాక మార్గరేటా డె వోస్, సుసానా డె వోస్ వంటి పేర్లు చిత్రకారుల పేర్లుగా కాకుండా చిత్రాల పేర్లుగానే కనిపిస్తున్నాయి. అందరూ ఆంట్‌వెర్ప్ నగరానికి చెందినవారే, అందరూ సెయింట్ ల్యూక్ గిల్డ్ అనే ఒకే వృత్తి సంఘపు నీడలో బతికినవారే. బ్రూగెల్ వంశం లాగా దీనినీ మూడు తరాల చిత్రకారుల కుటుంబంగా భావించి వంశవృక్షం గీయడానికి సిద్ధపడ్డాను గాని, తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే మార్టెన్‌కూ కోర్నెలిస్‌కూ నడుమ తండ్రీకొడుకుల బంధం ఎక్కడా పొసగడం లేదు.

నా సందేహాలు ఇవి. వీరందరిదీ ఒకే కుటుంబమేనా? కాకపోతే ఎవరు ఎవరికి ఏమవుతారు? ఒక చిత్రం కింద కేవలం "డె వోస్" అని ఉన్నప్పుడు అది గీసినవారి పేరో, అందులో కూర్చున్నవారి పేరో ఎలా తేల్చుకోవాలి? ఈ చిత్రాలను ఒకే వ్యాసంలో కలిపి చెప్పడానికి ఇంటిపేరు తప్ప మరొక సూత్రం ఏదైనా ఉన్నదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

పాతపటం

చిత్రావలోకి గారికి,

మీ అనుమానం సరైనదే. ఆ ఐదుగురూ ఒక కుటుంబం కారు. స్థూలంగా చూస్తే రెండు వేరువేరు కుటుంబాలు, వాటికి బయట ఒంటరిగా సిమోన్ ఉన్నారు.

మొదటిది మార్టెన్ కుటుంబం. ఆయన 1532లో ఆంట్‌వెర్ప్‌లో పుట్టి 1603లో అక్కడే మరణించారు. తండ్రి పీటర్ డె వోస్ లైడెన్ నుంచి వచ్చి స్థిరపడిన చిత్రకారుడు. మార్టెన్‌కు పెద్ద సోదరుడైన మరో పీటర్ కూడా చిత్రకారుడే, విల్లెం ఆ పీటర్ కుమారుడు. అంటే విల్లెం మార్టెన్‌కు అన్నగారి కుమారుడు. మార్టెన్ యువకుడిగా ఇటలీ వెళ్ళి, 1558లో తిరిగివచ్చి గిల్డ్‌లో మాస్టర్‌గా (శిష్యరికం ముగించి సొంతంగా పనిచేసే చిత్రకారుడిగా) చేరి, 1572లో దానికి డీన్ (పెద్ద) అయ్యారు. చిత్రకారుడు ఫ్రాన్స్ ఫ్లోరిస్ మరణం తరువాత ఆ నగరంలో చర్చిల కోసం పెద్ద పెద్ద చిత్రాలు గీసినవారిలో ఆయనే అగ్రగణ్యుడు. ఆయన పేరు చెప్పగానే బలిపీఠాల చిత్రాలూ, చెక్కుడు ముద్రణల కోసం వేసిన వందలాది నమూనా గీతలూ గుర్తుకు వస్తాయి గాని, రూపచిత్రాల్లోనూ ఆయన చేయి తక్కువది కాదు. 1570లో ఆయన గీసిన ఓడల యజమాని గిలిస్ హూఫ్ట్‌మాన్, ఆయన భార్య మార్గరేటా వాన్ నిస్పెన్‌ల జంట చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలోనూ, 1577 నాటి ఆంటోనియస్ ఆన్సెల్మస్ కుటుంబ చిత్రం బ్రసెల్స్‌లోని రాయల్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఈ రెండింటినీ మీ వ్యాసంలో తప్పక ప్రస్తావించండి.

రెండవది కోర్నెలిస్ కుటుంబం. వీరి మూలం ఆంట్‌వెర్ప్ కాదు, దానికి కొద్ది దూరంలో ఉన్న హుల్స్ట్ పట్టణం. అది ఇప్పుడు నెదర్లాండ్స్‌లో, జీలాండ్ ప్రాంతంలో ఉన్నది. కోర్నెలిస్ 1584లోనో 1585లోనో అక్కడ పుట్టారు. ఆయన తమ్ముడు పౌల్ కూడా అక్కడే పుట్టినవాడు. మార్గరేటా వీరి సోదరి. ఈ అన్నదమ్ములిద్దరూ ఆంట్‌వెర్ప్ వచ్చి డేవిడ్ రెమేయస్ అనే చిత్రకారుని దగ్గర పని నేర్చుకున్నారు. కోర్నెలిస్ అక్కడ శిష్యుడిగా చేరింది 1599లో, మాస్టర్ అయింది 1608లో. కాబట్టి మార్టెన్ తన ముదిమిలో చివరి చిత్రాలు గీస్తున్న రోజుల్లో ఈ కుర్రవాడు అదే నగరంలో రంగులు నూరుతూ ఉండి ఉండాలి. అంతకు మించి వీరిద్దరినీ కలిపే రక్తసంబంధం ఏదీ లేదు.

సిమోన్ ఈ రెండింటిలో దేనికీ చెందరు. 1603లో ఆంట్‌వెర్ప్‌లో పుట్టి, కోర్నెలిస్ దగ్గరే శిష్యరికం చేశారు. గురుశిష్యుల ఇంటిపేరు ఒకటే కావడంతో చాలామంది ఆయనను కోర్నెలిస్ కొడుకుగానో, అన్న కొడుకుగానో రాసేస్తారు. వారి మధ్య చుట్టరికం ఉన్నట్టు ఏ పత్రమూ చెప్పడం లేదు.

ఇక "ఇంటిపేరు తప్ప మరొక సూత్రం" అని మీరు అడిగిన దానికి నా సమాధానం: ఉన్నది, అది గిల్డ్. ఆంట్‌వెర్ప్ రాయల్ మ్యూజియం చాలా ఏళ్ళ మరమ్మతుల తరువాత 2022 సెప్టెంబరులో తిరిగి తెరుచుకున్నది. ఆ సేకరణలో మార్టెన్ 1602లో గీసిన "సెయింట్ ల్యూక్ మేరీమాతను చిత్రించుట" ఉన్నది, కోర్నెలిస్ 1620లో గీసిన "అబ్రహాం గ్రాఫియస్" ఉన్నది. మొదటిది చిత్రకారుల గిల్డ్ కేథడ్రల్‌లోని తన బలిపీఠం కోసం గీయించుకున్నది. రెండవది ఆ గిల్డ్ సేవకుని చిత్తరువు. ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరు డె వోస్‌లు పద్దెనిమిదేళ్ళ తేడాతో ఒకే సంస్థకు సంబంధించిన చిత్రాలు గీశారు.

గ్రాఫియస్ చిత్రం ముందు కాసేపు నిలబడదగినది. ఆ ముసలివాని ఛాతీ మీద బట్ట కనిపించనంతగా వెండి బిళ్ళలు వేలాడుతుంటాయి. అవి గిల్డ్ సొత్తు, ఉత్సవాల్లో దాని సేవకుడు ధరించేవి. మెడ చుట్టూ తెల్లటి కుచ్చుల కాలరు, ముందున్న బల్ల మీద గిల్డ్ వారి వెండి పానపాత్రలు. అంత వెండి మధ్య ముడతలు పడిన ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, నుదుటి మీది గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. హోదా లేని మనిషికి కోర్నెలిస్ ఇంత పెద్ద పటం గీయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1619–20లో గిల్డ్ డీన్ ఆయనే కనుక ఆ సేవకుని రోజూ చూస్తూ ఉండేవారన్నది ఒక కారణం కావచ్చు. ఇదే గ్రాఫియస్ యాకోబ్ యోర్డాన్స్ సాధన కోసం గీసిన తలల బొమ్మల్లోనూ కనిపిస్తాడు. ఆ ముఖం అంటే ఆ తరం చిత్రకారులకు అంత మోజు.

రేఖాసక్తి

పాతపటం గారు చెప్పినదానికి కొనసాగింపుగా, మార్గరేటా గురించి నాలుగు మాటలు రాస్తాను. ఈ ఇంటిపేరుతో వచ్చే చిక్కులన్నీ ఆమె దగ్గర పోగుపడ్డాయి.

మార్గరేటా డె వోస్ 1611లో ఫ్రాన్స్ స్నైడర్స్‌ను పెళ్ళాడారు. జంతువులను, వేటాడిన మాంసాన్ని, పళ్ళ బుట్టలను గీయడంలో ఆ కాలాన ఆయనకు సాటి లేరు. ఆ విధంగా స్నైడర్స్ కోర్నెలిస్‌కూ పౌల్‌కూ బావ అయ్యారు. 1620 ప్రాంతంలో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసున్న ఆంథొనీ వాన్ డైక్ ఈ దంపతులను రెండు వేరువేరు పటాలుగా గీశారు. న్యూయార్క్‌లోని ఫ్రిక్ కలెక్షన్‌లో అవి నేడు జంటగా ఉన్నాయి. స్నైడర్స్ పటంలో చూపరిని పట్టేది ఆయన పొడవాటి వేళ్ళు. నల్లని దుస్తుల ముందు ఆ పాలిపోయిన చేయి, బరువంటూ ఏమీ లేనట్టు వాలి ఉంటుంది. రోజంతా కుంచె పట్టేవాని చేతిని వాన్ డైక్ ఒక ప్రభువు చేతిలా మార్చేశారు. ఇటలీ వెళ్ళకముందే ఆయనకు ఆ విద్య పట్టుబడిందని ఈ ఒక్క పటం చాలు చెప్పడానికి. మార్గరేటా పటంలో ఆమె ముఖం పెద్ద తెల్లని కాలరు మీద, దాని వెలుతురు పడి మరింత తేటగా కనిపిస్తుంది.

ఈ రెండు పటాలకూ జరిగిన ఎడబాటు కథ కూడా చెప్పుకోదగినదే. ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్ డ్యూకుల సేకరణలో అవి కలిసే ఉండేవి. ఫ్రెంచి విప్లవ కాలంలో ఆ సేకరణ ఇంగ్లండ్‌కు తరలి అమ్ముడుపోయినప్పుడు భర్త పటం కాసిల్ హవర్డ్ అనే ప్రభు భవనానికీ, భార్య పటం వార్విక్ ప్రభువుల ఇంటికీ చేరాయి. ఒక శతాబ్దం పైగా విడివిడిగా ఉన్న వాటిని 1909లో హెన్రీ క్లే ఫ్రిక్ కొని మళ్ళీ పక్కపక్కన పెట్టారు. ఇవి కాక జర్మనీలోని కాసెల్ చిత్రశాలలో ఇద్దరినీ ఒకే పటంలో గీసిన వాన్ డైక్ జంట చిత్రం ఒకటి ఉన్నది. మీ వ్యాసంలో ఈ రెండింటినీ ఒకటిగా కలపకండి. కాసెల్‌లో ఉన్నది ఒకే పటం, న్యూయార్క్‌లో ఉన్నవి రెండు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. "మార్గరేటా డె వోస్" అన్న శీర్షిక కింద కుంచె పట్టినది వాన్ డైక్, కూర్చున్నది కోర్నెలిస్ సోదరి. "సుసానా డె వోస్" అన్న శీర్షికలో గీసినవారిదీ కూర్చున్నవారిదీ ఇద్దరిదీ డె వోస్ ఇంటిపేరే, ఎందుకంటే అది 1627లో కోర్నెలిస్ గీసిన తన పసికూన పటం, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ష్టేడెల్ మ్యూజియంలో ఉన్నది. ఆయన తన సొంత కుటుంబాన్ని తీరిక దొరికినప్పుడల్లా గీసినట్టు కనిపిస్తుంది. 1621లో భార్య సుజానా కాక్‌తోనూ పిల్లలతోనూ తనను తాను గీసుకున్న పటం బ్రసెల్స్‌లో ఉన్నది. చేతివృత్తి మీద బతికేవాడి ఇల్లు అనిపించదు దానిని చూస్తే, వాళ్ళు కట్టుకున్న బట్టలు అలాంటివి. కోర్నెలిస్ చిత్రాల వ్యాపారం కూడా చేసేవారని గుర్తుంచుకుంటే ఆ దర్జా అర్థమవుతుంది.

చిత్రావలోకి

పాతపటం గారికీ రేఖాసక్తి గారికీ ధన్యవాదాలు. వంశవృక్షం ఆలోచన మానుకున్నాను. మరి రెండు చిన్న సందేహాలు మిగిలాయి. బెర్లిన్ చిత్రశాలలోని కోర్నెలిస్ చిత్రం ఒకటి పాత ప్రచురణల్లో "చిత్రకారుని కుమార్తెలు" అనీ, ఇప్పటి జాబితాల్లో "మాగ్దలీనా, యాన్ బాప్టిస్ట్ డె వోస్" అనీ కనిపిస్తున్నది. యాన్ బాప్టిస్ట్ అన్నది మగపిల్లవాని పేరు కదా, ఇవి ఒకే చిత్రమేనా? రెండవది, కోర్నెలిస్, పౌల్, సిమోన్, విల్లెం నలుగురి ముఖాలూ నలుపు తెలుపు ముద్రణల్లో దొరుకుతున్నాయి. వాటన్నిటికీ వాన్ డైక్ పేరే ఉన్నది. ఆయన ఈ నలుగురినీ విడివిడిగా పటాలు గీశారా?

ముద్రాక్షర

మొదటి సందేహం త్వరగా తీరేదే. రెండూ ఒకే చిత్రం. ఆ కాలంలో ఐరోపాలో మగపిల్లలకు ఆరేడేళ్ళు వచ్చేవరకూ ఆడపిల్లల లాగే గౌన్లు తొడిగేవారు. పటంలోని ఇద్దరికీ గౌన్లే ఉండడంతో చూసినవారు ఇద్దరూ అమ్మాయిలే అనుకున్నారు. 17వ శతాబ్దపు ఫ్లెమిష్, డచ్ పిల్లల పటాలు వేటినైనా బట్టలను బట్టి అమ్మాయి అనో అబ్బాయి అనో రాసేయకండి. బొమ్మలు, నగలు, నడుముకు కట్టిన వస్తువులు వంటివి చూసి పరిశోధకులు తేలుస్తుంటారు. అదీ ప్రతిసారీ కుదరదు.

రెండవదానికి కొంత విస్తారంగా రాయాలి. మీరు చూసినవి వాన్ డైక్ "ఐకనోగ్రఫీ" అనే ముద్రణల శ్రేణిలోనివి. 1630లలో ఆయన తన కాలపు ప్రముఖుల రూపచిత్రాలను రాగి పలకల మీద చెక్కించి ముద్రించే పని తలపెట్టారు. రాజులు, సేనాపతులు ఒక వర్గం, రాజనీతిజ్ఞులు, పండితులు ఒక వర్గం, చిత్రకారులు, సేకరణకర్తలు మరొక వర్గం. మొదట మార్టిన్ వాన్ డెన్ ఎండెన్ అనే ప్రచురణకర్త ఎనభై పలకలు వెలువరించారు. వాన్ డైక్ 1641లో మరణించాక, 1645లో గిలిస్ హెండ్రిక్స్ దానిని నూరు పటాల సంపుటిగా తెచ్చారు. చిత్రకారుల పటాలను రాజుల పటాల పక్కన పెట్టి అమ్మడం అన్నది ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. నా దృష్టిలో డె వోస్‌ల ముఖాలు మనదాకా చేరడానికి వారి తైలవర్ణ చిత్రాలకన్నా ఈ కాగితపు ముద్రణలే ఎక్కువ కారణం.

అయితే నాలుగు ముద్రణలూ ఒకే తీరున తయారైనవి కావు. కోర్నెలిస్ పటాన్ని వాన్ డైక్ నమూనా చూసి చెక్కినది లూకాస్ వోర్స్టర్‌మాన్, సిమోన్ పటాన్ని చెక్కినది పౌలస్ పోంటియస్. ఇద్దరూ ఆరితేరిన వృత్తి చెక్కుడువారు. పౌల్, విల్లెం పటాల సంగతి వేరు. అవి వాన్ డైక్ తన చేత్తో ఆమ్లపు పద్ధతిలో, అంటే ఎచింగ్‌గా మొదలుపెట్టిన కొద్ది పటాల్లోనివి. ఎచింగ్‌లో రాగి పలకకు మైనపు పూత పూసి, ఆ పూతను సూదితో గీకి, పలకను ఆమ్లంలో ముంచుతారు. గీకిన చోట లోహం కరిగి గీత పడుతుంది. అందుకే చేత్తో కాగితం మీద గీసినంత స్వేచ్ఛ ఆ గీతల్లో కనిపిస్తుంది. ఉలితో నేరుగా లోహాన్ని చెక్కే పద్ధతిలో ఆ వేగం రాదు, దానికి బదులు ఒకే మందంలో సాగే చక్కని వరుస గీతలు వస్తాయి. వాన్ డైక్ సాధారణంగా తల వరకు ఎచింగ్ చేసి, భుజాలూ బట్టలూ నాలుగు గీతలతో సూచించి వదిలేసేవారు. తరువాత వృత్తి చెక్కుడువారు వచ్చి బట్టలు, వెనుక గోడ, తెర వంటివి నింపి, కింద పేరు చెక్కేవారు.

మీ పనికి ఇక్కడ రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఆ ఎచింగ్‌ల తొలి ప్రతుల్లో ముఖం మాత్రమే ఉంటుంది, పేరు ఉండదు. "విల్లెం డె వోస్" అన్న గుర్తింపు తరువాతి ప్రతుల మీద చెక్కిన పేరును బట్టి వచ్చినదే. కనుక పేరు లేని ప్రతిని చూపిస్తూ వ్యాసం రాసేటప్పుడు ఏ ప్రతిని బట్టి పేరు పెట్టారో ఒక మాట చెప్పడం మర్యాద. పేరున్న ప్రతుల్లో మాత్రం కింద లాటిన్‌లో ఆ వ్యక్తి పేరు, వృత్తి, ఊరు ఉంటాయి, చాలాసార్లు ఏ రకం చిత్రాల్లో నేర్పరో కూడా ఉంటుంది. ఒకే ఇంటిపేరున్న చిత్రకారులు నలుగురు ఒకే శ్రేణిలో పడ్డప్పుడు ఆ అడుగు పంక్తి బంగారమే. రెండవ ప్రమాదం ఎడమ కుడులది. ముద్రణలో బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అసలు చిత్రంలో ఎడమవైపు చూస్తున్న మనిషి ముద్రణలో కుడివైపు చూస్తుంటాడు. ఒకే భంగిమ తిరగబడి కనిపిస్తే అది వేరే చిత్రమని రాయకండి.

వర్ణలేఖ

అందరూ రూపచిత్రాల గురించే రాశారు కనుక నేను పౌల్ డె వోస్ తరఫున ఒక మాట చెబుతాను. పాతపటం గారు గిల్డ్‌ను సూత్రంగా పెట్టారు, బాగానే ఉన్నది. నాకైతే అంతకన్నా గట్టి సూత్రం వియ్యాలు. కోర్నెలిస్ భార్య సుజానా కాక్, ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు యాన్ విల్డెన్స్‌కు సవతి సోదరి. కోర్నెలిస్ సోదరిని చేసుకున్నది జంతు చిత్రకారుడు స్నైడర్స్. చుట్టరికం లేని సిమోన్ కూడా జీవరహిత వస్తువుల చిత్రాలకు పేరుపడ్డ ఆడ్రియాన్ వాన్ ఉట్రెఖ్ట్ సోదరి కాథరీనాను పెళ్ళాడారు. ఒక ఇంటిలో మనుషుల బొమ్మలు గీసేవాడు, అతని బావ ఇంటిలో జంతువులు గీసేవాడు, బావమరిది ఇంటిలో కొండలూ చెట్లూ గీసేవాడు. ఆంట్‌వెర్ప్‌లో ఒకే పటాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుని గీయడం మామూలు కనుక ఈ చుట్టరికాలు నేరుగా గుడ్డ మీదికే ఎక్కాయి.

దీనికి పెద్ద నిదర్శనం టొర్రె డె లా పరాదా. అది మాడ్రిడ్ సమీపంలో స్పెయిన్ రాజు నాల్గవ ఫిలిప్ వేట విడిది. దానిని అలంకరించడానికి 1636లో ఆంట్‌వెర్ప్ మహా చిత్రకారుడు రూబెన్స్‌కు పని అప్పగించారు. పౌరాణిక చిత్రాలకు చిన్న నమూనాలు రూబెన్స్ గీయగా, వాటిలో చాలావాటిని పెద్ద పటాలుగా పూర్తి చేసినవారు ఇతరులు. "బాకస్ విజయయాత్ర", "వీనస్ జననం", "అపోలో, పైథాన్" కోర్నెలిస్ చేతివి. ఆ విడిదికే జంతువుల, వేట దృశ్యాల పని స్నైడర్స్‌కూ పౌల్‌కూ వచ్చింది. అన్న, తమ్ముడు, వారి బావ ముగ్గురూ ఒకే రాజు గోడల మీద కలిశారన్నమాట. ఆ కోర్నెలిస్ పటాలు ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్నాయి. రూపచిత్రాల్లో అంత నిబ్బరంగా ఉండే కోర్నెలిస్ ఈ పౌరాణికాల్లో కొంత తడబడినట్టే నాకు అనిపిస్తుంది. రూబెన్స్ ఊపిరిని ఆయన తన సొంతం చేసుకోలేకపోయారు.

పౌల్ విషయంలో చిక్కు ఇంటిపేరు వల్ల వచ్చేది కాదు. ఆయన చిత్రాలు తరచు కలిసిపోయేది తన ఇంటిపేరు లేని బావ స్నైడర్స్ చిత్రాలతో. కుక్కల గుంపు దుప్పిని చుట్టుముట్టే వేట దృశ్యాలు ఇద్దరివీ ఉన్నాయి, ఇద్దరూ రూబెన్స్‌తో పనిచేశారు. నేను చూసినంతలో స్నైడర్స్ జంతువుల్లో బొచ్చు, ఈక, తడి ముక్కు, ఏది తాకితే ఎలా ఉంటుందో వేలికి తెలిసేలా ఉంటుంది. పౌల్‌కు ఆ ఓపిక తక్కువ, పరుగు మీద మోజు ఎక్కువ. ఆయన వేటకుక్కలు గాలిలో సాగి అడ్డంగా పటమంతా పరుచుకుంటాయి. ఇది నా కంటి తీర్పు మాత్రమే కాబట్టి, గీసినవారి పేరు మారుతూ వచ్చిన పటాల విషయంలో ఆయా మ్యూజియంల ప్రస్తుత జాబితానే ప్రమాణంగా తీసుకోండి. పాత వేలం జాబితాల్లో స్నైడర్స్ పేరుకు ధర ఎక్కువ పలికేది కనుక అటువైపు మొగ్గు సహజం.

పాతపటం

వర్ణలేఖ గారి మాటతో నాకు పేచీ లేదు గాని, గిల్డ్‌ను పక్కన పెట్టలేం. వీరి శిష్యరికాల గురించి మనకు తెలిసినదంతా ఆ గిల్డ్ దస్తావేజుల పుణ్యమే. "లిగ్గెరెన్" అని పిలిచే ఆ పుస్తకాల్లో ఏ ఏడాది ఎవరు ఎవరి దగ్గర శిష్యుడిగా చేరారో, ఎవరు మాస్టర్ అయ్యారో వరుసగా రాసి ఉన్నది. సిమోన్ కోర్నెలిస్ శిష్యుడని, కొడుకు కాదని నమ్మకంగా చెప్పగలుగుతున్నది అందువల్లనే. 1620 సంవత్సరాన్ని చూడండి. పౌల్ మాస్టర్ అయింది ఆ ఏడాదే, సిమోన్ మాస్టర్ అయింది ఆ ఏడాదే, కోర్నెలిస్ గ్రాఫియస్‌ను గీసింది ఆ ఏడాదే, వాన్ డైక్ స్నైడర్స్ దంపతులను గీసింది ఆ ప్రాంతంలోనే. చిత్రావలోకి గారూ, వంశవృక్షానికి బదులు ఆ ఒక్క ఏడాదిని మధ్యలో పెట్టుకుని వ్యాసం అల్లితే మీరు అడిగిన పటాలన్నీ దాని చుట్టూ వాటంతట అవే సర్దుకుంటాయి. మార్టెన్‌ను మాత్రం పూర్వరంగంగా ముందు చెప్పి ముగించండి.

చిత్రావలోకి

ఈ సలహా నాకు బాగా నచ్చింది, అలాగే చేస్తాను. మరొక పేరు మిగిలిపోయింది. లాంబర్ట్ డె వోస్ అనే ఆయన 1574లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒట్టోమన్ల వేషధారణల బొమ్మలు గీసినట్టు చదివాను. ఆయనను మార్టెన్ వైపు కలపాలా?

ముద్రాక్షర

కలపకండి. లాంబర్ట్ మెఖెలెన్ పట్టణం వాడు. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రాయబారి కారెల్ రైమ్ కొలువులో ఉండి ఆ బొమ్మలు గీశారు. ఆ సంపుటి జర్మనీలోని బ్రెమెన్ గ్రంథాలయంలో ఉన్నది. ఆంట్‌వెర్ప్ గిల్డ్‌తో గాని, ఇక్కడ మాట్లాడుకున్న రెండు కుటుంబాలతో గాని ఆయనను జతచేయడం బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టడమే అవుతుంది. ఆ చిత్రాలు చాలా విలువైనవి, వేరే వ్యాసానికి సరిపడా సరుకు వాటిలో ఉన్నది. ఇక సమాచారం సరిచూసుకోవడానికి హేగ్‌లోని డచ్ కళాచరిత్ర సంస్థ ఆర్‌కెడి వారి దత్తాంశం వాడండి. అందులో ప్రతి డె వోస్‌కూ విడిగా ఒక పేజీ ఉంటుంది. గురువులు, శిష్యులు, చుట్టాలు వేరువేరు గడుల్లో ఉంటారు కాబట్టి ఎవరికి ఎవరు ఏమవుతారో వెతుక్కోవలసిన పని ఉండదు.